గీత ఎక్కడ పోతోంది సార్?

2021 నవంబర్ 26, శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో బెంగళూరు నైరుతి మూల ఒక్కసారిగా ఢామ్మంది. కెంగేరి, రాజరాజేశ్వరి నగర్, హెమ్మిగెపుర వైపు జనం మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చారు. కిటికీ అద్దాలు గలగలలాడాయి, అంతే. కర్ణాటక విపత్తు పర్యవేక్షణ కేంద్రం తన సీస్మోమీటర్లలో కంపం జాడ లేదని చెప్పింది. అంతకు ముందు ఏడాది మే 20న ఇలాంటి మోతే వస్తే అది వైమానిక దళం విమాన పరీక్ష శబ్దమని రక్షణ శాఖ తేల్చింది.

అయినా మన వాళ్ళకి బోరబండ గుర్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు బోరబండలో భూమిలోంచి మోతలొస్తే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ళు యంత్రాలు పెట్టారు. అవి నిజంగానే చిన్న చిన్న ప్రకంపనలు. గట్టి రాతినేలలో, తక్కువ లోతులో రాయి చిట్లితే ఊపు సంగతి తెలియకపోయినా చప్పుడు మాత్రం గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి మోతను బట్టి అవుననీ కాదనీ చెప్పడానికి లేదు. యంత్రం గీసిన గీతే చెప్పాలి.

నెల తిరక్కుండా డిసెంబర్ 22న చిక్కబళ్ళాపురం దగ్గర నిజంగానే రెండు చిన్న కంపాలొచ్చాయి, తీవ్రత 3 దగ్గర్లో. ఆ వారమే నాకు ఫోను. బిల్డింగుల బలం లెక్కగట్టే ఇంజనీరుని నేను. వాళ్ళ భయం భూకంపం తెచ్చే పగులు గీత గురించి.

"సార్, మా బిల్డింగ్ కింద గీత పోతోందంట గదా. పోలేదని మీ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఇస్తే చాలు."

మాట్లాడింది అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు. అనంతపురం మనిషి, బ్యాంకులో రిటైరయ్యారు. రాజరాజేశ్వరి నగర్ దాటాక వృషభావతి లోయ వైపు దిగే వాలులో వాళ్ళ బిల్డింగ్. 2006లో కట్టారు. కింద గోడల్లేకుండా పిల్లర్ల మీదే నిలబడ్డ స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, మొత్తం పదహారు. అందులో ఏడు తెలుగు కుటుంబాలు, మిగతావి కన్నడం వాళ్ళవి, ఒకటి తమిళులది. మూడో అంతస్తులో ఒకరు ఫ్లాట్ అమ్మకానికి పెట్టారు. కొనేవాడు వాట్సాప్‌లో వచ్చిన మ్యాపు చూపించి 'సర్టిఫికెట్' అడిగాడు. బేరం ఆగింది. అసలు రగడ అక్కడ మొదలైంది.

నేను నిజం చెప్పాలి. పదిహేనేళ్ళ కిందటైతే ఆ లెటర్ రాసిచ్చేవాణ్ణి. రెండు మూడు ఇచ్చాను కూడా. "సదరు స్థలం జోన్ 2లో ఉన్నది", అంటే భూకంప ముప్పు తక్కువున్న ప్రాంతం అని రాసి సంతకం పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు, అబద్ధమూ కాదు. ఈసారి మాత్రం ముందు పార్కింగ్ చూడనివ్వండి అన్నాను.

మ్యాపు

ముందు ఆ మ్యాపు సంగతి. అది ఎవరో కల్పించింది కాదు. మండ్య–చన్నపట్న–బెంగళూరు లీనియమెంట్ అనే గీత శాస్త్రవేత్తల పత్రాల్లో ఉన్నదే. పొడవు 105 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) పరిశోధకులు టి.జి. సీతారామ్, పి. అన్బళగన్ 2007లో బెంగళూరు భూకంప ముప్పును లెక్కగట్టినప్పుడు నగరానికి ఎక్కువ దెబ్బ ఈ గీత మీద వచ్చే 5.1 తీవ్రత కంపం నుంచే అని తేల్చారు. దానికి రాతి మట్టం దగ్గర 0.15 జి ఊపు వస్తుందన్నారు, అంటే భూమ్యాకర్షణలో పదిహేను శాతం. భూకంపానికి తట్టుకునేలా బిల్డింగులు డిజైన్ చేయడానికి మన దేశపు కోడ్, ఐఎస్ 1893, తన 2016 రూపంలో బెంగళూరును జోన్ 2లో పెట్టి ఇచ్చిన అంకె 0.10. బెంగళూరులో ఏళ్ళ తరబడి నడుస్తున్న వాదమంతా ఈ రెండు అంకెల మధ్యే. జోన్ 3 అంకె 0.16. 0.15ను నమ్మితే బెంగళూరు దాదాపు జోన్ 3 కింద లెక్క. నమ్మని వాళ్ళు ఊరి చరిత్ర చూపిస్తారు: 1900 ఫిబ్రవరి 8న కోయంబత్తూరు దగ్గర వచ్చిన 6 స్థాయి కంపానికి ఇక్కడా ఊగింది, 2001 జనవరి 29న, భుజ్ తర్వాత మూడు రోజులకి, నగరానికి దక్షిణాన 4.3 వచ్చింది, ఇంతేగా అంటారు.

లీనియమెంట్ అంటే ఫాల్ట్ కాదు. ఉపగ్రహం ఫొటోలో వాగు తిన్నగా పోతే, లోయలు ఒకే వరసలో కనిపిస్తే గీసేది లీనియమెంట్. ఆ వరస కింద రాయి రెండుగా విరిగి, ఒక పక్క జరిగిందని నేల మీద రుజువు దొరికితేనే ఫాల్ట్. ఇక్కడి గ్నీసు రాతిలో పగుళ్ళకీ, ఆ పగుళ్ళలో గోడలా గట్టిపడ్డ నల్లరాతి డైకులకీ కొదవలేదు. అవన్నీ పైనుంచి చూస్తే గీతలే. బోరు వేసే వాళ్ళు నీళ్ళకోసం వెతికేదీ ఈ గీతల్నే. మీటింగులో ఈ మాట చెబితే మొదటి అంతస్తు హిందూపురం పెద్దాయన నవ్వి, "బాగుంది బ్బా, నీళ్ళకైతే గీత మీదే కావాల, ఇల్లుకైతే గీత ఆమడ దూరం ఉండాల" అన్నాడు.

వాళ్ళ ఫోన్లలో తిరుగుతున్న ఫొటోను స్కేలు పెట్టి కొలిచాను. ఏడు సెంటీమీటర్ల వెడల్పులో ఏడొందల కిలోమీటర్ల దేశం ఉంది. అంటే మిల్లీమీటరుకు పది కిలోమీటర్లు. ఆ ఎర్ర గీత మందం అర మిల్లీమీటరు. నేల మీద అది ఐదు కిలోమీటర్లు, ఇంచుమించు కెంగేరి నుంచి నాయండహళ్ళి దాకా. "మా బ్లాకు కింద నుంచి పోతుందా, పక్క బ్లాకు కింద నుంచా" అని ఆ మ్యాపును అడగటం పంచాంగంలో బస్సు టైము వెతకడమే. గీత ఉందో లేదో నేను చెప్పలేదు. ఆ మ్యాపు మన గేటు నంబరు చెప్పదని మాత్రం చెప్పాను.

దీంతో ఊరుకున్నది ఒక వర్గం. "చూశారా, ఏం లేదు, జోన్ 2" అని లేవబోయారు. వాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టడానికి అహమ్మదాబాదు ఎత్తాల్సి వచ్చింది. 2001 జనవరి 26 భుజ్ కంపం అక్కడికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరం. ఆ ఊరి కింద ఏ గీతా కదల్లేదు. అయినా స్టిల్ట్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్లు మోకాళ్ళు విరిగినట్టు కూర్చుండిపోయాయి. ఇక కిల్లారి. 1993 సెప్టెంబర్ 30 దాకా మ్యాపులో అది జోన్ 1, అన్నిటికన్నా భద్రమైన రంగు. 2002లో జోన్ 1ని తీసేసి 2లో కలిపేశారు. మద్రాసును అదే ఏడు 2 నుంచి 3లోకి మార్చారు. అంటే రంగులు మారుతుంటాయి. కట్టిన పిల్లర్లు మారవు.

పార్కింగ్

2022 జనవరిలో రెండు వారాలు పని. ఇరవై నాలుగు పిల్లర్లు, అన్నీ తొమ్మిది ఇంచీలు–పద్దెనిమిది ఇంచీలు. పదిహేడింటి పొడవు వైపు ఒక దిక్కుకి, ఏడింటిది ఇంకో దిక్కుకి. ఎందుకలా అంటే కార్లు తిరగడానికి. బెంగళూరులో పిల్లరు దిశ నిర్ణయించేది ఇంజనీరు కాదు, మారుతీ కారు. పైన నాలుగు అంతస్తుల్లో గోడలున్నాయి కాబట్టి పెట్టెలా బిగుసుకుని ఉంటుంది. కింద ఒక్క గోడ లేదు, మెట్లూ లిఫ్టూ ఒక మూలకి తోసేశారు. ఊగితే పైపెట్టె మొత్తం ఒక ముక్కగా జరుగుతుంది. వంగాల్సిందంతా కింది తొమ్మిదడుగుల్లోనే వంగాలి, పైగా మెట్ల మూల చుట్టూ మెలి తిరుగుతుంది.

రీబౌండ్ సుత్తితో కాంక్రీటు ఫరవాలేదనిపించింది, ఎం20 అనే గ్రేడుకి సరిపడా ఉంది. కాంక్రీటు లోపలి ఇనుమును పసిగట్టే కవర్ మీటరుతో, పిల్లరు కడ్డీల చుట్టూ కట్టే రింగులు వెతికితే, వాటి మధ్య దూరం డ్రాయింగులో ఆరు ఇంచీలని ఉన్నది చాలాచోట్ల పది ఇంచీలు చూపించింది. యంత్రం పొరపాటేమోనని రెండు పిల్లర్ల దగ్గర కవరు, అంటే ఇనుము మీది కాంక్రీటు పొర, చెక్కించాం. రెండో పిల్లరు బీము కింద, తలమట్టం దగ్గర. పెచ్చు ఊడగానే ఎనిమిది ఎం.ఎం. రింగు బయటపడింది. దాని కొస ఎల్ అక్షరంలా మడిచి ఉంది, తొంభై డిగ్రీలు. చూపుడువేలు పెట్టి లాగితే కొస కొద్దిగా కదిలింది. సెక్రటరీ గారిని పిలిచి ఆయన వేలు కూడా పెట్టించాను.

ఈ కొక్కెం గురించి కాస్త చెప్పాలి, ఈ కేసంతా దాని మీదే ఉంది. రింగు పని రెండు. పిల్లరు అడ్డంగా తెగకుండా పట్టుకోవడం ఒకటి. లోపలి కాంక్రీటు నలిగినా చెదిరిపోకుండా మూటగట్టినట్టు ఉంచడం రెండోది. కంపంలో ముందు ఊడేది పైకవరు. తొంభై డిగ్రీల కొస ఉండేది ఆ కవరులోనే, కవరు రాలితే కొసకి పట్టు పోయి రింగు విచ్చుకుంటుంది, మెయిన్ కడ్డీలు బయటికి వంగుతాయి. నూటముప్పై ఐదు డిగ్రీలు వంచితే కొస లోపలి కాంక్రీటులో గుచ్చుకుని ఉంటుంది, కవరు పోయినా వదలదు. బార్ బెండరుకు ఇది ఒక్క అదనపు వంపు. కానీ రోజుకు వందల రింగులు వంచేవాడికి చెయ్యి పడిపోతుంది. పైగా కొసలు అడ్డొచ్చి వైబ్రేటర్ సూది దూరదని మేస్త్రీలు సణుగుతారు. సణుగుడు అబద్ధమేమీ కాదు.

మరి కోడ్ ఏమంటుంది? కంపంలో కాంక్రీటు ఒక్కసారిగా విరక్కుండా కడ్డీలు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 ఈ వంపును కచ్చితం చేసింది 3, 4, 5 జోన్లలో. జోన్ 2లో ఐచ్ఛికం. ఐచ్ఛికం అంటే మన సైట్లలో అర్థం అందరికీ తెలిసిందే. బెంగళూరు గీత వాదంలో డబ్బులకూ ప్రాణాలకూ అసలు తేడా ఇక్కడుందని నా అభిప్రాయం. 0.10, 0.15 అని పేపర్లో కొట్టుకుంటాం గానీ, జోన్ మారితే మొదట మారేది బార్ బెండరు చేతిలోని వంపు. నేను జోన్ 2లో కూడా నా డ్రాయింగులన్నిటిలో 135 అనే రాస్తాను. సైటుకెళ్ళి చూస్తే సగం చోట్ల ఉంటుంది.

ఆ పిల్లరూ బీమూ కలిసేచోట, జాయింటు లోపల, ఒక్క రింగు కూడా లేదు. అది ఎవరూ వెయ్యరు. అది వేరే గొడవ.

లెక్క

బిల్డింగ్ బరువు దాదాపు 2,100 టన్నులు. జోన్ 2 లెక్కన, 0.10లో సగం తీసుకుని, కురచ బిల్డింగులకి వర్తించే 2.5తో పెంచి, మామూలు ఫ్రేముకిచ్చే 3తో భాగిస్తే 4.2 శాతం. అంటే 87 టన్నుల అడ్డుతోపు. ఈ మూడుతో భాగించడం ఒక రకంగా అప్పు. "నువ్వు విరక్కుండా కాస్త సాగుతావులే" అని కోడ్ మనకిచ్చే అప్పు. దానికి జామీను ఆ రింగులు. జామీను ఎల్ కొక్కెమైతే ఆ అప్పు తీసుకోవడానికే ముఖం చెల్లదు.

సరే, తీసుకున్నాం అనుకున్నా, పొడవు వైపు అటు తిరిగిన ఏడు పిల్లర్లు గట్టివి కాబట్టి తోపులో ఎక్కువ భాగం వాటి మీదే పడింది. వాటి వంపు బలం అవసరంలో సగం. పాత బిల్డింగులకి ఐఎస్ 15988 ఇచ్చే తగ్గింపు వేశాక కూడా చాలలేదు. ఇక 2002 కోడ్‌లోనే, అంటే ఈ బిల్డింగ్ కట్టేనాటికే, స్టిల్ట్ పిల్లర్లని 2.5 రెట్ల తోపుకు డిజైన్ చేయమని ఉంది. అలా చూస్తే ఇరవై నాలుగులో ఒక్కటీ నిలవలేదు. డ్రాయింగు మూలలో మాత్రం 'జోన్ 2కు డిజైన్ చేయబడినది' అని అచ్చేసి ఉంది.

తర్వాత అందరి ముందూ 0.10 తీసి 0.15 పెట్టాను. 87 కాస్తా 131 టన్నులైంది. ఆ 2.5 రెట్లు పక్కన పెట్టినా గీత లేదన్న వర్గం లెక్కలో ఏడు పిల్లర్లు ఫెయిలు, గీత ఉందన్న వర్గం లెక్కలో ఇంకాస్త ఎక్కువ ఫెయిలు. ఆ రోజు మీటింగులో మొదటిసారి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాలుగో అంతస్తాయన, "ఇది మినిట్స్‌లో రాయొద్దు" అన్నాడు. టెర్రస్ మీద ఆయన వేసుకున్న గదీ రేకులూ ప్లాన్‌లో లేవు. రిపోర్టులో బరువు లెక్కలో ఆ గది వచ్చింది మరి.

మట్టి, నత్తగుల్లలు

నా పొరపాటు ఇక్కడ. పాత సాయిల్ రిపోర్టు ఉందంటే నమ్మాను. తీరా చదివితే అందులో నీటిమట్టమూ రాతి లోతూ వేరే ఏదో సైటువి, పైపేజీ ఒక్కటే మార్చారు. నేను మొదటి డిజైను ఆ కాగితం మీదే చేసేశాను: రెండు దిక్కులకీ రెండేసి, మొత్తం నాలుగు కాంక్రీటు గోడలు పిల్లర్ల మధ్య, ఏడు పిల్లర్లకి జాకెటు, అంటే చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు. గోడలు పెడితే తోపంతా అవే తాగుతాయి, పిల్లర్లు తేలికపడతాయి. కానీ తాగినదాన్ని భూమికి దింపాలి, గోడ కింద పునాది బలంగా ఉండాలి.

అప్పుడు రెండు బోర్లు వేయించాను. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదుల్తూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలో లెక్కపెడతారు. దక్షిణం పక్క మీటరున్నర దాటగానే ఎర్రమట్టి, ఇరవై పైన దెబ్బలు. ఉత్తరం పక్క మూడు మీటర్ల దాకా ఆరేడు దెబ్బలే. గోడ పునాదికి గుంట తీయించాం. ముందు ఇటుక ముక్కలూ ప్లాస్టిక్కూ, తర్వాత జిగట నల్లమట్టి, కుళ్ళు వాసన. మట్టి పార మీద తెల్లగా ఏవో కనిపిస్తే హిందూపురం పెద్దాయన వంగి ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. నత్తగుల్లలు. "కుంట సార్ ఇది," అన్నాడు. పక్క వీధిలో పాలు పోసే ముసలాయన్ని పిలిస్తే ఆయన కన్నడంలో కట్ట ఎక్కడ ఉండేదో కాలితో గీసి చూపించాడు. కట్ట సరిగ్గా ఐదో నంబరు, ఆరో నంబరు కార్ల మధ్య నుంచి పోతుంది.

బెంగళూరులో ఇదేం వింత కాదు. మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. మెత్తటి పూడిక మట్టి రాతిలోంచి వచ్చే ఊపును పెంచుతుంది, ఎంత పెంచుతుందన్నది మందాన్ని బట్టి. పైగా సగం పిల్లర్లు గట్టినేల మీద, సగం పూడిక మీద. ఐదు, ఆరు కార్ల మధ్యన రెండో అంతస్తు గోడకి పాత ఏటవాలు బీట ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఏళ్ళుగా దానికి పుట్టీ పెట్టి రంగేస్తున్నారు.

గోడల చోట్లు మార్చాను. ఉత్తరం పక్క గోడను కింద లోతుగా మైక్రోపైల్స్ అనే సన్నటి కంబాల పునాదులతో రాతి మీద నిలబెట్టాలి, ఖర్చు పెరిగింది. ఫ్లాటుకు లక్షన్నర అనుకున్నది రెండు లక్షలు దాటింది. కొత్త చోట్లలో ఒక గోడ తొమ్మిదో నంబరు పార్కింగ్‌ను సగానికి కోసింది.

గీత మీద మూడు నెలలు సాగిన వాదం తొమ్మిదో నంబరు మీద ఏడు నెలలు సాగింది. ఆ ఫ్లాటాయన మంచివాడే, వాదనలో న్యాయమూ ఉంది: "రిజిస్ట్రేషన్‌లో నా స్లాటు రాసుంది సార్, అందరి భద్రతకి నా ఒక్కడి స్లాటేనా?" డబ్బు సర్దుతామన్నారు, గెస్ట్ పార్కింగ్ ఇస్తామన్నారు, కుదర్లేదు. నేను చెప్పిందొకటే: గోడలు జంటగానే కట్టాలి. ఒక దిక్కున రెండింటిలో ఒకటే కడితే బిల్డింగ్ ఆ గోడ చుట్టూ మెలి తిరుగుతుంది, అసలు కట్టకపోవడం కంటే అది చెరుపు.

2023లో తూర్పు–పడమర జంట కట్టారు. నూటముప్పై ఐదు డిగ్రీల రింగులు ఒక్కోటీ నేను నిలబడి చూశాను. ఉత్తర–దక్షిణం జంట ఆగింది. ఏడు పిల్లర్ల జాకెట్లు దాని తర్వాత. కాబట్టి ఇవాళ్టికి ఆ బిల్డింగ్ ఒక దిక్కున గట్టిది, ఇంకో దిక్కున 2006లో ఎలా ఉందో అలాగే ఉంది. భూకంపం వాస్తు చూసుకుని తూర్పు నుంచి రావాలి.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 వచ్చి హైదరాబాదు దాకా ఊగినప్పుడు సెక్రటరీ గారు ఫోన్ చేశారు. ఆయన అల్లుడు ఖమ్మంలో ఉంటాడు. అటు క్షేమమని చెప్పి, "ఆ మూడో అంతస్తు ఫ్లాటు అమ్ముడుపోయింది సార్, వేరేవాళ్ళు కొన్నారు, సర్టిఫికెట్ అడగలేదు" అన్నారు. రిపోర్టు చూపించారా అని అడిగాను. రిపోర్టు కాపీలు రెండే, ఒకటి నా ఆఫీసులో, రెండోది ఆయన బీరువాలో ఉంది.